మెట్ల కింది వంటిల్లు

మా మేడ మీది పోర్షన్ అద్దెకు చూడటానికి పోయిన ఆదివారం ఒక కొత్త జంట వచ్చింది. అబ్బాయికి అన్నీ నచ్చాయి. ఆ అమ్మాయి మాత్రం వంటింటి గుమ్మంలోనే ఆగిపోయి, "గింత చిన్నగనా ఆంటీ? ఇద్దరు నిలవడితే భుజాలు తాకుతయ్ గదా" అంది. నాకు చురుక్కుమంది. ఇద్దరు నిలబడగలిగే వంటింటిని చిన్నదనే మనిషితో వాదన దేనికని, "మీ ఇష్టమమ్మా, ఆలోచించుకోండి" అని తాళం వేసి కిందికి వచ్చేశాను. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా నా కోపం దిగలేదు. పాపం, ఆ పిల్ల అన్నదాంట్లో అంత కోపం తెచ్చుకోవాల్సిందేమీ లేదు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాక తెలిసింది, అది పాత కోపమని, మా అత్తమ్మ మీదిదని. ఆమె పోయి తొమ్మిదేళ్ళయింది.

తాండూరులో మా అత్తవారి వంటిల్లే ఒక ఇల్లంత ఉండేది. నేలంతా తాండూరు బండలు పరిచి ఉండటంతో ఎండాకాలంలో కూడా పాదాలకు చల్లగా తగిలేది. రెండు కట్టెల పొయ్యిలు, ఒక మూల రోలు, ఇంకో మూల కందిపప్పు నిల్వచేసే గుమ్ములు. పన్నెండు మంది వరసగా కూర్చుని తిన్నా ఇంకా చోటు మిగిలేది. కాపురానికి వచ్చిన రోజు నుంచీ మా అత్తమ్మకూ నాకూ పడలేదు. నా నడక నచ్చేది కాదు, నేను ఉల్లిగడ్డ కోసే తీరు నచ్చేది కాదు. కానీ అంత పెద్ద వంటింట్లో ఇద్దరు మనుషులకు పడకపోవడం పెద్ద కష్టమేమీ కాదు. ఆమె ఒక మూల మూతి ముడుచుకుంటే నేను ఇంకో మూల ముడుచుకునేదాన్ని. మా మామగారు పోయాక పంపకాలు జరిగి, వంటిల్లున్న వైపు మా ఆయన అన్నగారి వాటాకు పోయింది. మా ఆయన పనిచేసే బండల పాలిష్ కార్ఖానా కూడా ఆ ఏడే మూతపడింది. వికారాబాదులో ఒక సిమెంటు దుకాణంలో పని దొరికిందని మేం మా ఐదేళ్ళ బిడ్డతో బయలుదేరితే, అత్తమ్మ కూడా తన సందూక పెట్టెను ఎత్తించుకుని జీపెక్కింది. పెద్దకోడలితో ఆమెకు నాతో కంటే పెద్ద పేచీ. రెండు పేచీల్లో చిన్నదాన్ని ఎంచుకుందన్నమాట.

వికారాబాదులో మాకు దొరికింది రెండు చిన్న గదులు. వంటిల్లని ఇంటామె చూపించింది మేడమెట్ల కింది ఖాళీని. గుమ్మం దగ్గర బాగానే ఉన్న కప్పు, లోపలికి పోయేకొద్దీ మెట్టు మెట్టుగా దిగి, కిరసనాయిలు పొయ్యి పెట్టే గట్టు దగ్గరికొచ్చేసరికి నా గడ్డం దాకా వచ్చేది. నేను మనిషిని పొడుగు, మా అత్తమ్మ బాగా పొట్టి. ఆమె కొలతలు తీసుకుని కట్టినట్టుండేది ఆ వంటిల్లు. మొదటిరోజే నా నుదురు మెట్టు అంచుకు కొట్టుకుని బొప్పి కట్టింది. చూసి ఆమె అయ్యో అనలేదు. "నువ్వు బయట కూసోని కూరగాయలు కొయ్యి. లోపట నీకు జాగ లేదు" అంది. ఆ మాట అనడానికి నా పెళ్ళినాటి నుంచి ఎదురుచూస్తున్నట్టు, అంత తృప్తిగా అంది. ఆ రోజు నుంచి లోపల ఆమె, గుమ్మం బయట పీట మీద నేను.

పైన ఎవరు మెట్లెక్కినా గిన్నెల్లో దుమ్ము రాలేది. అందుకని ఆమె మూత తీసి ఏదీ వండేది కాదు. ఆ మూతను కూడా ఖాళీగా ఉంచేది కాదు. అన్నం ఉడుకుతుంటే గిన్నె మూత మీద చారుకు చింతపండు నీళ్ళు వెచ్చబెట్టేది. పప్పు ముందురోజే నానబెట్టి, సగం ఉడకగానే పొయ్యి ఆర్పేసి, గిన్నెకు పాత చీర చుట్టి ఓ మూల పెడితే అది తనంతట తనే మెత్తబడేది. బీరకాయ పొట్టు పచ్చడయ్యేది, గోబీ కాడలు పులుసయ్యేవి. మిగిలిన జొన్నరొట్టెను పొద్దున్నే తుంచి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి తాలింపు పెట్టేది. రుచిగానే ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు ఒప్పుకోలేదు. ఒకరోజు పంతానికి బీరకాయ పొట్టంతా ఇంటామె బర్రెకు వేసి వచ్చాను. అత్తమ్మ చూసింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఇంట్లో హాయిగా ఉండింది.

ఆ తరువాత పొదుపు ముదిరింది. పప్పు పలచబడుతూ వచ్చి, కందిపప్పు పండే ఊరి నుంచి వచ్చిన మేం పసుపురంగు నీళ్ళు తాగుతున్నట్టుగా అయింది. నూనె సీసా సందూకలోకి పోయింది, సందూక తాళంచెవి ఆమె బొడ్లోకి పోయింది. మా బిడ్డ గ్లాసులో మాత్రం పాలు తగ్గలేదు. అది గమనించే తీరిక నా కోపానికి లేకపోయింది. అందరం తిన్నాక ఆమె ఒక్కతే లోపల, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని తినేది. మాకు నీళ్ళు పోసి తాను నెయ్యి వేసుకుంటోందని నేను గట్టిగా నమ్మాను. మా ఆయనతో అంటే, "అవ్వ సంగతి తెల్సు గదా, ఊకో" అని చెప్పులేసుకుని పొద్దున్నే వెళ్ళిపోయేవాడు.

అలాంటి రోజుల్లో బొంరాస్‌పేట నుంచి మా అమ్మా, మా అన్నా నన్ను చూడటానికి వచ్చారు. ముందు గదిలో వాళ్ళకు పళ్ళాలు పెట్టాను. లోపలి నుంచి అత్తమ్మ అందించినవి ఏమిటంటే, మనిషికి రెండు జొన్నరొట్టెలు, బీరకాయ పొట్టు పచ్చడి, పచ్చిపులుసు, గిన్నె అడుగు కనబడే పప్పు. మా అమ్మ తలెత్తకుండా తింటోంది. నాకు తల కొట్టేసినట్టయింది. వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, "మా అమ్మొచ్చిన దినమన్న ఇంత పప్పు ఎక్కువెయ్యొద్దా అత్తమ్మా?" అన్నాను, అందరికీ వినబడేటట్టుగానే. ఆమె కూడా అందరికీ వినబడేటట్టే జవాబిచ్చింది. "ఎవరొస్తె ఏంది? ఇంట్ల ఉన్నదే వెడతరు."

మాట మళ్ళించడానికేమో, మా అన్న రొట్టె తుంచుతూ అడిగాడు. "బావ మల్ల తాండూర్ల పనికి కుదిరిండా?"

"లేదన్నా, ఈడనే గదా, సిమెంటు దుకాణంల."

"మరి గీ వారంల రెండుసార్లు నాకు తాండూర్లనే కనవడ్డడు. పప్పుమిల్లు ముంగట కూసున్నడు."

వంటింట్లో గిన్నె గీకుతున్న గరిటె చప్పుడు ఆగిపోయింది. నేను అటు తిరిగి చూశాను. అత్తమ్మ నన్ను చూడటం లేదు, పొయ్యిని చూస్తోంది. వెలగని పొయ్యిని.

వాళ్ళను బస్సెక్కించి వచ్చి అత్తమ్మను అడిగాను. "నీకు తెల్సా?"

"తెల్సు."

"ఎప్పటిసంది?"

"రెండు నెలలాయె. దుకాణపాయన రావద్దన్నడు. పొద్దుగాల రైలెక్కి తాండూరుకు పోయి పని దేవులాడుకుంటుండు."

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే రెండో దినం బొంరాస్‌పేటకు ఎర్కైతది. నా కొడుకు ఇజ్జత్ పోతది" అంది, తడుముకోకుండా.

నేను తల వంచుకుని లోపలికి చొరబడ్డాను. ఆమె తినడానికి పెట్టుకున్న గిన్నె గట్టు కింద ఉంది. అందులో ఉప్పేసిన గంజి తప్ప ఏమీ లేదు. ఆమె దాన్ని చటుక్కున వెనక్కి లాక్కుంది. "నేనేం తింటే నీకేంది? చూస్తందుకు వచ్చినవా?" అని అరిచింది. నాకు జాలి కలిగిందని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. నిజానికి ఒళ్ళు మండిపోయింది. రెండు నెలలుగా తల్లీకొడుకులు ఒక కష్టాన్ని పంచుకుని, నన్ను మాత్రం రోజూ రెండు పూటలా సణుగుతూ తినే మనిషిని చేసి కూర్చోబెట్టారు. నేను తిన్న ప్రతి ముద్దా ఆమె లెక్కలో నా మీద నేరమై ఉంటుంది.

సాయంత్రం రైలు దిగి మా ఆయన వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. నేను ఆ గంజి గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఇదేంది?"

"రెండు నెలల సంది మీ అవ్వ తింటున్నది. నువ్వు గూడ రుచి చూడు."

ఆయన గిన్నెలో వేళ్ళు పెట్టి, మెట్ల కిందికి తిరిగి చూశాడు. ఆ సంగతి ఆయనకూ తెలియదు. అత్తమ్మ మెట్ల కింది నుంచి విసురుగా వచ్చింది. "పొద్దందాక తిరిగొచ్చినోని ముంగట గంజి వెడ్తవా? నీ చేతులిరుగ!" అంటూ గిన్నె లాక్కుని, డబ్బాలో మిగిలిన పిండి దులిపి రొట్టె చేయడానికి కూర్చుంది. "ఆ పిండి రేపటిది" అన్నాను నేను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది, అచ్చం ఆమె మాటే. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఒక్క రొట్టె చేసింది. ఆయన సగం తిని సగం వదిలేశాడు. ఆ సగాన్ని మా ఇద్దరిలో ఎవ్వరం ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున నేను బస్టాండు వెనక ఉన్న మెస్సుకు వెళ్ళి పని అడిగాను. రోజూ జొన్నరొట్టెలు కావాలన్నారు, పిండి వాళ్ళే ఇస్తామన్నారు. పిండి మూటతో ఇంటికొచ్చి సంగతి చెబితే అత్తమ్మ మండిపడింది. "పన్నెండు మందికి వెట్టిన చెయ్యి ఇది. నేను అంగట్ల రొట్టెలమ్మాల్నా?"

"అమ్ముడు నేనమ్ముత. చేతనైతే చెయ్యి, లేకుంటే జరుగు. నేనే చేసుకుంట."

"నువ్వు చేస్తే అది రొట్టెగాదు, బండైతది" అంటూ పిండి మూట నా చేతిలోంచి గుంజుకుంది.

అలా మొదలైంది. పొయ్యిని గట్టు మీంచి దింపి కింద బండ మీద పెట్టాం, కూర్చుంటే నా తలకు కూడా కప్పు తగలదని. ఆమె గుమ్మంలో కూర్చుని తట్టేది, నేను లోపల కూర్చుని కాల్చేదాన్ని. అంటే ఇన్నాళ్ళకు లోపలి చోటు నాకు వచ్చింది. దానికి ఆమె నన్ను ఎన్నడూ క్షమించలేదు. చేతి నుంచి చేతికి రొట్టె మారేది కానీ మాట మారేది కాదు. మాట మారిందంటే అది రొట్టె మందం గురించో, మంట గురించో పెట్టుకున్న తగాదానే. మెస్సువాళ్ళు రొట్టెలు బాగున్నాయన్నారని చెబితే, "కాల్చుడు సక్కగుంటే ఇంకా బాగుంటుండె" అనేది. మా ఆయనతో మాత్రం నేను ఆ నెలంతా మాట్లాడలేదు. కొన్నాళ్ళకు ఆయనకు తాండూరులోనే ఒక పప్పుమిల్లులో పని దొరికింది. రోజూ రైల్లో పోయివచ్చేవాడు. దొరికిన రోజు ఆ సంగతి గుమ్మంలో నిలబడి ఇద్దరికీ ఒకేసారి చెప్పాడు, ఎవరి మొహమూ చూడకుండా. పప్పు మళ్ళీ చిక్కబడింది. రొట్టెలు మానలేదు. ఈ ఇల్లు కట్టుకునే దాకా ఆ మెట్ల కిందే చేశాం.

చివరి రోజుల్లో మంచం మీద నుంచి కూడా ఆమె నా వంటకు వంకలు పెట్టింది. చూడటానికి వచ్చిన మా అమ్మతో, "పొడుగైతే ఉంది గానీ నీ బిడ్డ పనికి వంగదమ్మా" అని నా ఎదుటే చెప్పింది. ఆ గంజి ఎందుకు తాగావని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అడిగి ఉంటే ఇంకో తగాదా అయ్యేది. మెట్ల కింద నాకు జాగ లేదన్ననాడు ఆమెకెంత వయసో, ఇప్పుడు నాకంత వయసు వచ్చింది. ఆమె అన్న ప్రతి మాటకూ నా దగ్గర ఇప్పుడు సరైన జవాబుంది. ఆ జవాబులు దొరకడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది, అంతసేపు ఆగే ఓపిక మా అత్తమ్మకు ఎప్పుడూ లేదు.