హౌజులో దొర

తెలంగాణ వచ్చాక ఓ ఎండాకాలం సంగతి. నల్గొండలో మా అత్తవారింటి పెరట్లో నూలు తడిపే హౌజు, అదే సిమెంటు తొట్టి, ఖాళీగా పడి ఉందని మా ఆయన చెరువు నుంచి జిలేబి చేపలు తెచ్చి వదిలాడు. అడుగున ఇసుక పోశాడు. వారం తిరక్కుండానే వాటిలో పెద్ద మగది నల్లగా నిగనిగలాడుతూ, రెక్కల అంచులు ఎర్రబారి, ఇసుకలో గుంట తవ్వి కాపలా కూర్చుంది. మరో మగది అటు వస్తే తరిమి తరిమి కొట్టేది. మా మామ దానికి దొర అని పేరు పెట్టాడు. మా ఆయన ఊరుకుంటాడా? మూలన నక్కే పాలిపోయిన బక్క మగదాన్ని తనదన్నాడు.

తండ్రీకొడుకులకు ప్రతిదానికీ పంతమే. అప్పటి గొడవ మగ్గం గురించి. మా ఆయన దుకాణంలో పనికి కుదిరాక ఆయన మగ్గం ఖాళీ అయింది. తీసేసి గది కిరాయికిద్దామని ఆయన, రెండు మగ్గాలూ ఉండాల్సిందేనని మామ. చివరికి చేపల మీద పందెం వేసుకున్నారు. హౌజులోని ఆడచేప దొరతో జతకడితే మగ్గం ఉంటుంది, బక్కదానితో కడితే పోతుంది. పుట్టింట్లో నేసిన చేతులు నావి. ఆ మగ్గం మీద కూర్చోవాలని నాకెంత ఆశో! నన్నడిగిన పాపాన పోలేదు ఎవరూ.

ఒక మధ్యాహ్నం మేం ముగ్గురం చూస్తుండగా ఆడది గుంటలోకి దిగింది. దొర దాని చుట్టూ తిరుగుతూనే, ఇంకో మగది కనబడగానే తరమడానికి పోయాడు. ఆ సందులో బక్కది, అదీ ఒక ఆడదే అన్నట్టు మెల్లగా దూరి, పని కానిచ్చుకుని మూలకు పోయింది. దొర తిరిగొచ్చి మళ్లీ జతకట్టాడు. నాకు నవ్వు ఆగలేదు. గెలిచింది నేనంటే నేనని వాళ్లిద్దరూ అన్నం తినడం కూడా మరిచారు.

ఆడది గుడ్లన్నీ పొదగడానికి నోట్లో పెట్టుకుంది. మెతుకులు చల్లినా ముట్టలేదు. చివరికి ఒక పొద్దున నోరు తెరిస్తే చీమల్లా పిల్లలు. మళ్లీ మొదలు. దొర పిల్లలని మామ, బక్కోడి పిల్లలని మా ఆయన.

మామ తల్లి, మా అవ్వ, అరుగు మీద కూర్చుని విని విని విసిగిపోయింది.

"ఇన్ని దినాలు కడుపు మాడ్చుకున్నది గా తల్లిచేప. నడుమ మీ గెలుపేంది?" అని నా దిక్కు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా. మగ్గం ఉండాల్నా, తీసెయ్యాల్నా?"

ఆ ఇంట్లో ఆ సంగతి నన్నడగడం అదే మొదలు.

"ఉండాలె అవ్వా. నేను నేస్త" అన్నాను.

పందెం తానే గెలిచినట్టు మామ మీసం దువ్వుకున్నాడు. దువ్వుకోనీ అనుకుని, మగ్గం దుమ్ము దులపడానికి చీపురు అందుకున్నాను.