జీ సెవెన్ ఉండాల్సిన చోట

మెదక్‌లో జాజ్ నేర్చుకునేవాళ్ల సంఘం పెడితే అధ్యక్షుణ్ని, కార్యదర్శిని, ప్రేక్షకుణ్ని నేనే. ఫోన్‌లో పాఠాలు చూసి నేర్చుకున్నదంతా ఆదివారం మా చిన్న చర్చిలో కీబోర్డు మీద దించేవాణ్ని. ఆ నెల పాఠం కార్డు మార్పిడి, అంటే ఒకేసారి కలిపి నొక్కే స్వరాల గుంపు ఒకటి తీసి ఇంకోటి వేయడం. పాట చివర సీ కార్డుకు చేరే ముందు వచ్చే జీ సెవెన్ తీసేసి డీ ఫ్లాట్ సెవెన్ వేయాలి. రెండింటిలోనూ రెండు స్వరాలు ఒకటే కాబట్టి చెల్లుతుందని శాస్త్రం. కింది స్వరం మాత్రం వేరే ఊళ్లో దిగుతుంది.

మా చర్చిలో పాట ఎత్తేది ఒక తాత. ఆ కింది స్వరాన్ని పట్టుకునే పాడతారు. చెవి మిషన్ పెట్టుకున్నప్పటి నుంచి శృతి తప్పుతున్నారని ఆడవాళ్ల బెంచీల్లో గుసగుసలు. ఆ ఆదివారం ఆరాధనకు ముందు నా దగ్గరికి వచ్చారు.

"ఇయ్యాల తప్పితే పాటల పుస్తకం ఇచ్చేస్త బిడ్డా. జర సూసి వాయించు."

"నువ్వు తప్పితే నేను కరెంటు తీసేస్త తాతా" అన్నాను. నవ్వారు.

మూడు చరణాలు నిక్కచ్చిగా పాడారు. ఆఖరి వరుసకు నా చేతులు దురద పెట్టాయి. డీ ఫ్లాట్ సెవెన్ వేశాను. తాత సరైన స్వరం మీదే ఉన్నారు. ఉలిక్కిపడి దాన్ని వదిలేసి, ఇంకోదాని కోసం వెతికి, ఆగిపోయారు. మిషన్‌ను వేలితో తట్టి చూసుకుని కూర్చున్నారు. ఆరాధన అయ్యాక పుస్తకం నా కీబోర్డు మీద పెట్టి వెళ్లిపోయారు.

సాయంత్రం పుస్తకం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను.

"తప్పు నీది కాదు తాతా. నేనే కార్డు మార్చిన."

"మంచిగున్నదాన్ని ఎందుకు మారుస్తవ్ రా?"

పాఠంలో ఈ ప్రశ్న లేదు. "జాజ్‌ల గట్లనే మారుస్తరు."

వంటింట్లోంచి అవ్వ అందుకుంది. "మొన్న క్రిస్మస్‌కు మైకుల దయ్యం దూరిందన్నోడు వీడే. వీని మాట నమ్ముతవా?"

ప్రమాణం చేశాను. చాయ్ ఇచ్చారు.

"నా మనసు నొవ్వొద్దని గింత కత అల్లినవ్. మస్తు మంచోనివి బిడ్డా" అని తాత నా భుజం తట్టారు. పుస్తకం మాత్రం ముట్టలేదు.

తర్వాతి ఆదివారం బుద్ధిగా జీ సెవెనే వాయించాను. మూడో బెంచీలో తాత పెదవులు కదల్లేదు. బయట చెప్పుల దగ్గర, పాటల బృందంలో పాడే పిల్ల నన్ను ఆపింది.

"అన్నా, పోయిన వారం లాస్టుల ఏందో మార్చి కొట్టినవ్ గదా, మంచిగుండె."

ఆమెను తాత దగ్గరికి లాక్కెళ్లి, అదే మాట మళ్లీ చెప్పించాను. ఆయన మిషన్ సరిచేసుకుని శ్రద్ధగా విన్నారు. తర్వాత నా వైపు జాలిగా చూశారు.

"గీ పిల్లకు గూడ నేర్పినవా బిడ్డా?"