ఆస్పెన్ల దగ్గర ఇచ్చిన తాళం చెవి

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కొత్త కార్ కొన్నప్పుడు టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించిన మాట నిజమే. అది నమ్మకం కాదు, వీడియో కాల్‌లో మా అత్తగారి ఆజ్ఞ. ఆ రోజు గుర్తుగా మా ఆవిడ మాధవి తాళం చెవికి ఒక ప్లాస్టిక్ నిమ్మకాయ తగిలించింది. నేను చెప్పబోయేదానికి సాక్ష్యం అదొక్కటే.

మేం కొలరాడోలో ఉంటాం. శనివారాలు పొద్దున్నే కొండల్లోకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి, పైన్, ఆస్పెన్ చెట్ల మధ్య ఉన్న ఒక లూప్ ట్రెయిల్‌లో పరిగెత్తుతాం. బయలుదేరిన చోటికే తిరిగొచ్చే బాట. మధ్యలో చీలికలు లేవు.

మాధవి గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు తిరుగుతుంది. నేను ఎదురు దిక్కున వెళ్తాను. వెనకబడ్డానని ఎవరూ అనలేరు. పరుగు పోయినా పరువు దక్కుతుంది.

తాళం చెవి నా దగ్గరుంటుంది. సగం దారిలో, ఆస్పెన్ల గుంపు దగ్గర ఎదురుపడినప్పుడు ఆమెకిస్తాను. ముందు కార్ చేరేది తనే. మొదటే ఇచ్చేయొచ్చు కదా అంటారేమో. ఇచ్చేస్తే, నా కోసం ఆగుతుందన్న హామీ ఏముంది?

మాధవిది వరంగల్. తాళం చెవి తీసుకునే ప్రతిసారీ ఒకటే మాట: “ఉరుకుతున్నవా, నిలబడ్డవా? తేడా తెలుస్తలేదు!”

పోయిన సెప్టెంబర్‌లో ఒక శనివారం. ఆస్పెన్ ఆకులన్నీ పసుపు రంగుకి తిరిగాయి. రాత్రి వాన పడి బాట బురదగా ఉంది. నేను ఆస్పెన్ల దగ్గరికి చేరేసరికి ఆకాశం నల్లబడింది. ఎదురుగా నారింజ రంగు టోపీలో మాధవి వస్తోంది.

“టోల్ గేట్ వచ్చిందా మేడమ్?” అన్నాను.

నవ్వలేదు, వెక్కిరించలేదు. చెయ్యి చాపింది. నా జోకు చెవికెక్కలేదు గానీ తాళం చెవి మాత్రం అందుకుంది. ఆమె వేళ్లు నా అరచేతికి తగిలాయి. అది నాకు బాగా గుర్తు. నన్ను దాటి, నేను వచ్చిన దారిన వెళ్లింది.

నాలుగడుగులు వేశానో లేదో, ఉరిమింది. కొండల మీద ఉరిమితే ఆగకుండా దిగిపోవాలి. ఆమెతోపాటే దిగుదామని వెనక్కి తిరిగి పిలిచాను.

బాట అక్కడ తిన్నగా ఉంటుంది. చాలా దూరం కనిపిస్తుంది. ఎవరూ లేరు. కిందికి చూశాను. బురదలో నా బూట్ల గుర్తులే ఉన్నాయి.

వచ్చిన దారినే కార్ వైపు దిగడమే తెలివైన పని. కానీ నేను ముందుకే పరిగెత్తాను, ఆమె వచ్చిన వైపుకి. నా జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ పరిగెత్తలేదు. చూడ్డానికి ఆమె పక్కన లేదంతే.

రెండు మలుపుల తర్వాత, బాటకి దిగువన, ఎండిన వాగులో నారింజ రంగు కనిపించింది. మాధవి రాళ్ల మధ్య పడి ఉంది. చీలమండ విరిగి, పాదం పక్కకి తిరిగిపోయింది. ఫోన్ సిగ్నల్ లేదు. మళ్లీ ఉరిమింది.

దిగి దగ్గరికెళ్లాను. నన్ను చూసి ఆమె ముఖం చిట్లించింది.

“మళ్ల ఎందుకొచ్చినవ్? మనుషులను తీస్కొస్తనని, కీ నా చేతుల పెట్టి పోతివి గదా!”

“నేనా? ఎప్పుడు?”

“ఇప్పుడే గద!”

గుప్పిట విప్పింది. లోపల నిమ్మకాయ.

ఆమెని వీపున మోసుకుని దింపాను. కార్‌లో కూర్చోబెట్టి తలుపు వేశానో లేదో, వడగళ్లు మొదలయ్యాయి. నేను వెనక్కి దిగిపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించను.

ఎత్తైన చోట అలసిపోతే, నొప్పి ఎక్కువైతే, ఒక్కోసారి లేనివి కనిపిస్తాయని డాక్టర్ అన్నారు. కావచ్చు. నా కళ్లు పొరబడి ఉండొచ్చు, ఆమె కళ్లూ పొరబడి ఉండొచ్చు. మరి తాళం చెవి? దానికి కళ్లు లేవు కదా. నేను ఎవరి చేతికిచ్చానో, ఆమెకి ఎవరు తెచ్చిచ్చారో నాకు ఇంతవరకూ తెలియదు.

కాలు బాగయ్యాక మళ్లీ వెళ్తున్నాం. ఇప్పటికీ ఆమె ప్రదక్షిణే, నేను ఎదురే. ఆస్పెన్ల దగ్గర ఆమె చెయ్యి చాపుతుంది. నేను తాళం చెవి వెనక్కి దాచుకుని నిలబడతాను.

“ఉరుకుతున్నవా, నిలబడ్డవా?” అంటుంది.

అప్పుడు ఇస్తాను.