కంపిలన్ ఒర

కత్తితో నాకున్న అనుభవమంతా ఉల్లిపాయలతోనే, ఆ పోరులోనూ ఏడ్చింది నేనే. తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన నన్ను, విదేశంలో, బుకిట్ పంజాంగ్‌లో ఉంటున్న అక్కను చూడ్డానికి వెళ్ళినప్పుడు, పక్క ఫ్లాట్ పెద్దాయన కత్తి దూసిపెట్టమని పిలిచాడు.

ఆయనది ఫిలిప్పీన్స్. తండ్రి ఇచ్చిన కంపిలన్ అనే పొడవాటి కత్తికి ఏటా తనే నూనె రాసేవాడట. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, కూతురేమో భయపడి ముట్టుకోదు. కత్తి ఒరలోనే తుప్పు పట్టిపోతుందని ఆయన బెంగ. పిడి చివర నోరు తెరిచిన మొసలిలా చెక్కి ఉంది.

"ముందు దీనికి పళ్ళు తోమాలా అంకుల్?" అని నా వచ్చీరాని ఇంగ్లీషులో అడుగుతూ, ఒరను గుప్పిట బిగించి పట్టుకున్నాను.

ఆయన నవ్వలేదు. నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. "ఇది రెండు చెక్కలు కలిపి కట్టిన ఒర. ఆపదలో దూసే వ్యవధి ఉండదు. ఒరతోనే కొడితే కట్లు తెగి చెక్కలు ఊడిపోవాలి, అందుకే ఇలా చేశారు. పదును వైపు వేళ్ళు పెడితే అవీ తెగుతాయి. వెనక వైపు నుంచి పట్టుకో బాబూ."

విడిపోవడానికే కట్టిన ఒరను నేనెప్పుడూ చూడలేదు. ఆయన నా చేతి మీద చెయ్యి వేశాడు. ఇద్దరం మెల్లగా దూశాం. మొన దగ్గర చిన్న తుప్పు మరక, అంతే. గుమ్మంలో నిలబడి అక్క చూస్తోంది.

ఇంటికొచ్చాక గొప్పలు పోయాను. "చూశావా అక్కా, నా చెయ్యి కొంచెం కూడా వణకలేదు."

"నీ చెయ్యి పట్టుకున్నంతసేపూ ఆయనదీ వణకలేదురా. రేపు కూడా వెళ్ళిరా."