రెంటచింతల ఎండల్లో కంప్యూటర్ బేరం

పల్నాడులో కంప్యూటర్ అనే మాట పేపర్లో తప్ప ఇంకెక్కడా కనిపించని రోజులవి. ఆ రోజుల్లో మెడకి టై కట్టుకున్నవాడు నరసరావుపేట బస్టాండులో దిగితే మందుల కంపెనీ వాడనుకునేవాళ్ళు, గురజాలలో దిగితే ప్లీడరు గుమాస్తా అనుకునేవాళ్ళు, మాచర్లలో దిగితే పాపం ఎవరో దారి తప్పి వచ్చాడనుకునేవాళ్ళు. నేను మూడు ఊళ్ళలోనూ దిగేవాణ్ణి. గుంటూరులో రెండు గదుల్లో నడిచే ఒక కంప్యూటర్ల కంపెనీలో నాకు ‘సిస్టమ్స్ ఎగ్జిక్యూటివ్’ అనే ఉద్యోగం దొరికింది (చేసే పని ఎండలో తిరిగి కంప్యూటర్లు అమ్మడం, కానీ అమ్మ ఆ పేరు ఇంగ్లీషులో పలకడం నేర్చుకుని వీధంతా చెప్పేసింది కాబట్టి వెనక్కి తగ్గే వీల్లేదు). చేరిన రోజునే మా డైరెక్టరు గారు గోడ మీది జిల్లా మ్యాపులో పల్నాడు చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీత గీశారు. అక్కడ ఇప్పటిదాకా ఏ వ్యాపారంలోనూ ఒక్క కంప్యూటర్ కూడా లేదని, అంటే మార్కెట్ మొత్తం మనదేనని చెప్పారు. అప్పటిదాకా ఎవరూ ఎందుకు కొనలేదో ఒకసారి కనుక్కుంటే బాగుంటుందన్న ఆలోచన ఆయనకీ రాలేదు, నాకూ రాలేదు.

ఆరు నెలలు ప్రొబేషను. మే నెలాఖరులోగా ఒక్క మిషనైనా అమ్మి, డబ్బు చేతికొస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి. ఇంటికి వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. మా నాన్న అప్పటికే మా మేనమామతో మాట్లాడి, ఆయన ఎరువుల కొట్లో నేను కూర్చోవడానికి స్టూలు కూడా చూసి ఉంచారు. అయిదు నెలలు తిరిగాను. పిడుగురాళ్ళలో సున్నం బట్టీ ఆసామి ఒకాయన నేను చెప్పిందంతా శ్రద్ధగా విని, ఇది తప్పు చెయ్యదా అని అడిగాడు. చచ్చినా చెయ్యదండీ అన్నాను. చెయ్యాల్సి వచ్చినప్పుడు కూడా చెయ్యదా అన్నాడు. చెయ్యదన్నాను. అయితే మాకు పనికిరాదులే అని టీ ఇప్పించి పంపాడు. అలాంటి టీలు ఆ అయిదు నెలల్లో చాలా తాగాను. అమ్మిన కంప్యూటర్లు మాత్రం లేవు.

ఇంక మిగిలింది రెంటచింతల. ఆ ఊరి ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు, వేసవి వచ్చిందంటే రేడియో వార్తల చివర ఆ ఊరి పేరు వినబడాల్సిందే. అక్కడ మా అమ్మ పుట్టింటి వైపు దూరపు చుట్టం, వరసకి బాబాయి, రైసు మిల్లు నడిపేవాడు. ఏప్రిల్ ఆఖరున, ఇంట్లోనే ఉన్న ఆయన ఆఫీసు గదిలో కూర్చుని, కారిపోతున్న చెమట బ్రోచరు మీద పడకుండా చూసుకుంటూ, సర్కారుకి కట్టే లెవీ బియ్యం రిపోర్టులు ఎలా తియ్యొచ్చో, కూలీల హాజరు ఎలా రాయొచ్చో ఒక్కొక్కటే చెప్పుకొచ్చాను. బాబాయి విసనకర్ర విసురుకుంటూ అన్నింటికీ ఊ కొట్టాడు. చివరి పేజీకి వచ్చాను. కంప్యూటర్ పెట్టే గది ఎలా ఉండాలో రాసిన పేజీ అది. బేరాలన్నీ ఆ పేజీ దగ్గరే చెడిపోయేవి కాబట్టి దాన్ని నేను ఎప్పుడూ గొంతు తగ్గించి గబగబా చదివేసేవాణ్ణి. తలుపులు మూసి ఉండాలి, దుమ్ము రాకూడదు, చెప్పులతో లోపలికి పోకూడదు, ఏసీ ఉండాలి. విసనకర్ర ఆగిపోయింది.

“ఏసీ కచ్చితంగా ఉండాల్నా?”

“ఉండాలి బాబాయ్. లేకపోతే మిషను పాడవుతుంది.”

“పొద్దుగూకులూ ఏసీ ఏసే ఉంచితే మిషనుకేం నష్టం లేదుగా?”

నష్టం లేకపోగా ఇంకా మంచిదన్నాను. అయితే తెప్పించమన్నాడు. నా మాటకారితనానికి నేనే పొంగిపోయాను. అసలు విషయం ఏమిటంటే, ఆ ఇంట్లో మిల్లూ పొలమూ ఇనప్పెట్టె తాళాలూ అన్నీ బాబాయి వాళ్ళ నాన్న, అంటే మా తాత చేతిలో ఉండేవి. టేబులు ఫ్యాను జబ్బుపడి లేచినవాళ్ళకే అని నమ్మే మనిషి. యాభై ఏళ్ళ బాబాయి అంతకుముందు రెండుసార్లు ఏసీ మాట ఎత్తితే, ఒళ్ళు కొవ్వెక్కిందా అని ఒక్క మాటతో నోరు మూయించాడట. మనుషుల కోసమైతే ఆ ఇంట్లో చల్లదనం అడిగే దిక్కు లేదు. మిషను కోసమైతే అడగొచ్చు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

తాత నన్ను పిలిపించి ధర అడిగాడు. చెప్పాను. అది ఎన్ని ఎకరాలకి సమానమో మనసులో లెక్కేసుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. చివరికి ఒక షరతు పెట్టాడు. పది రోజులు మిషనుని ఇంట్లో ఉంచుకుంటారు. పదో రోజున తనే వచ్చి చూస్తాడు. పని చేస్తే డబ్బులు, లేకపోతే అదీ, దానితో వచ్చిన ఏసీ కూడా వచ్చిన దారినే పోవాలి. నేను ఒప్పుకున్నాను (ఒప్పుకోక చేసేదేముంది, ఆ పదో రోజు మే నెలాఖరు వారంలో పడింది).

మాచర్ల నుంచి ఏసీ మెకానిక్ వచ్చి ఆఫీసు గది గోడకి కన్నం కొట్టి ఏసీ బిగించి, కరెంటు రెండు రోజులాగి కలుపుతానన్నాడు. ఊళ్ళో అందరూ అతన్ని భాయ్ అనేవాళ్ళు, నేనూ అంతే. టీవీలాంటి మానిటరును నేను గుంటూరు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కండక్టరు దానికీ ఒక టిక్కెట్టు కొట్టాడు. మిల్లు గుమాస్తా గారికి రెండు రోజులు కూర్చోబెట్టి నేర్పాను. ఆయనకి అరవై దగ్గర పడుతున్నాయి. మీట నొక్కేముందు ప్రతిసారీ నా మొహంలోకి చూసేవారు. ఆయన పేరు ఆయనే కొట్టుకునేదాకా వచ్చాక, ఇక భయం లేదనుకుని నేను గురజాల, దాచేపల్లి వైపు వెళ్ళిపోయాను.

పదో రోజు మిట్టమధ్యాహ్నం రెంటచింతలలో బస్సు దిగితే, ఎదురుగా రోడ్డు దాటుతున్న గుమాస్తా గారు కనిపించారు. నెత్తిన మంకీ క్యాప్, ఒంటిమీద ఉన్ని శాలువా. ఆ ఎండలో కాకి కూడా బయట లేదు. జ్వరమా అండీ అని అడిగాను.

“జొరమేం లేదు నాయనా, డూటీ” అన్నారాయన ముక్కు తుడుచుకుంటూ.

కంప్యూటర్ గది బయట పెళ్ళివారింటి ముందున్నట్టు చెప్పులున్నాయి. తలుపు తీసి చూశాను. లోపల పద్నాలుగు మంది ఉన్నారు (తర్వాత లెక్కపెట్టుకున్నాను). బాబాయి నవారు మంచం వేయించుకుని నిద్రపోతున్నాడు. పిన్నీ, ఆవిడ తోటికోడళ్ళూ చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. బాలింత ఒకామె బిడ్డకి ఉయ్యాల కట్టించుకుంది. ఓ మూల గ్రామ ప్రెసిడెంటు గారు గట్టు తగాదా తీరుస్తున్నారు. వాదీ ప్రతివాదీ చల్లగా గోడకానుకుని కూర్చున్నారు, ఇద్దరిలో ఎవరికీ తగాదా తొందరగా తేలాలన్న ఆత్రం ఉన్నట్టు లేదు. చర్చి ఫాదర్ గారు ఒళ్ళో పుస్తకం తెరిచి పెట్టుకుని కునుకుతున్నారు. నా కంప్యూటర్ మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ మీద మజ్జిగ ముంత ఉంది. కీబోర్డు మీద వాడిపోకుండా పెట్టిన మల్లెదండలున్నాయి. స్విచ్చి ఆపేసి ఉంది.

ఏసీ చూడ్డానికి వచ్చిన భాయ్ అక్కడే ఉన్నాడు. నా మొహం చూసి జాలిపడి సంగతి చెప్పాడు. ఆఫీసు గదికున్న కరెంటు లైను రెండింటికీ చాలడం లేదు. ఏసీ వేస్తే కంప్యూటర్ ఆరిపోతోంది. కంప్యూటర్ ఆగకుండా నడవాలంటే ఏసీ ఆపాలి.

“ఏది ఆపమంటారని ఇంట్లోవాళ్ళని అడిగినా సార్. చిన్నది ఆపమన్నారు.”

“ఎన్నాళ్ళయింది?”

“మీరు బస్సెక్కిన కాణ్ణించి.”

కంప్యూటర్ కోసం ఏసీ కొన్నారు, ఏసీ కోసం కంప్యూటర్ ఆపేశారు. ఎరువుల కొట్టూ, అందులో స్టూలూ కళ్ళముందు కదిలాయి. ముంతా మల్లెదండలూ తీయించి ఏదన్నా చేద్దామనుకునేలోపే వసారాలో కర్ర చప్పుడయింది. తాత వచ్చేస్తున్నాడు.

అంతవరకూ ఆయన ఆ గదిలో అడుగు పెట్టలేదట. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు, ఫాదర్ గారితో సహా. గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీ కంప్యూటర్ ముందుంది. ఏసీ గాలి తిన్నగా దానికే తగులుతుంది. తాత అందులో కూర్చుని కర్ర పక్కన పెట్టి, ఈ పది రోజులూ మిషను ఏం చేసిందని అడిగాడు. బాబాయి ఏదో చెప్పబోయాడు. ఆ సమయంలో నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ నా నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఏమీ చెయ్యలేదు తాతా. ఆపేసి ఉంది.”

ఇది నా నిజాయితీ అనుకోకండి. పొద్దుటినుంచి ఎండలో తిరిగి వచ్చానేమో, అబద్ధం అల్లే ఓపిక లేదు, అంతే. కరెంటు సంగతంతా చెప్పేశాను. తాత విని, మొహంలో ఏ మార్పూ లేకుండా, అయితే రెండూ పంపించెయ్యండి అన్నాడు.

అప్పుడు జరిగిందే నేను జన్మలో మరిచిపోలేను. ఏసీ పోతుందన్న సంగతి పద్నాలుగు మందికీ ఒక్కసారే తలకెక్కింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మామగారి ఎదుట గొంతు విప్పని పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఆ కంప్యూటర్ వచ్చిన కాణ్ణించి ఇంట్లో ఒక్క పోట్లాట కూడా లేదు మావయ్యా అంది. ప్రెసిడెంటు గారు దేశం మొత్తం కంప్యూటర్ల వైపే పోతోందని, మన ఊరు వెనకబడితే పక్క ఊళ్ళవాళ్ళు నవ్వుతారని ఉపన్యాసం ఎత్తుకున్నారు. గట్టు తగాదా వాళ్ళిద్దరూ ఆ ఒక్క విషయంలో మాత్రం ఒకే మాట మీద నిలబడ్డారు. నా వెనకే వచ్చిన గుమాస్తా గారు మంకీ క్యాప్ తీసి చేతిలో పట్టుకుని, ఈ వయసులో నాకు చదువొస్తంది అయ్యా, మజ్జలో ఆపొద్దు అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు (అవి జలుబు నీళ్ళేమోనని నాకు ఇప్పటికీ అనుమానం). అయిదు నెలలు మూడు తాలూకాలు తిరిగి నేను చెప్పలేకపోయిన మాటలన్నీ వాళ్ళు ఒక్క పావుగంటలో చెప్పేశారు. కంప్యూటర్ గురించి అంత గొప్పగా నేను విన్నది అదే మొదలు, అదే ఆఖరు.

తాత తల కొద్దిగా ముందుకి వాలింది. ఆలోచిస్తున్నాడనుకుని అందరం ఆయన వైపే చూశాం. కాసేపటికి సన్నగా గురక వినిపించింది.

బాబాయి పెదాల మీద వేలు పెట్టాడు. ఎవరూ కదల్లేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు తాత తడితుండు కప్పుకుని వసారాలో గోడకానుకుని కూర్చునేవాడట, నిద్రన్నది ఎరగడట. మావయ్య పగలు కునుకు తీయగా చూసి ఎన్నేళ్ళయిందో అని పిన్ని నా చెవిలో చెప్పింది. ఆవిడ గొంతులో తడికి నాకూ ఎందుకో కళ్ళు చెమ్మగిల్లాయి. అంతలోనే కరెంటు గుర్తొచ్చింది. ఆ రోజుల్లో అది ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. నా ఉద్యోగం ఒక ముసలాయన నిద్ర మీదా, ఆ నిద్ర కరెంటు మీదా ఆధారపడి ఉన్నాయి. అనుకున్నంతా అయింది, ఏసీ టక్కున ఆగిపోయింది. నేను సంచిలోంచి మా కంపెనీ బ్రోచరు తీసి, తాత పక్కన మోకాళ్ళ మీద కూర్చుని విసరడం మొదలుపెట్టాను. చెయ్యి నొప్పి పుడితే చెయ్యి మార్చుకున్నాను. మందపాటి కాగితం, గాలి బాగానే వచ్చేది. అయిదు నెలల్లో ఆ బ్రోచరు ఒక మనిషికి ఉపయోగపడటం అదే మొదటిసారి. పావుగంటకి కరెంటు వచ్చింది. తాత లేవలేదు.

మొత్తం రెండు గంటలు. లేచి, చుట్టూ ఉన్న మొహాలు చూశాడు. ఎదురుగా నల్లగా ఉన్న స్క్రీను వంక చాలాసేపు చూశాడు.

“గోల చెయ్యకుండా దాని పని అది చేసుకుంటంది. ఉండనీండి” అని బాబాయితో చెక్కు రాసివ్వమన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “ఎండన పడి చానా తిరిగినట్టున్నావు అబ్బాయ్. నువ్వూ కాసేపు పడుకో.”

పడుకున్నాను. చింతపండు చాప మీదే, టై కూడా విప్పకుండా, సాయంత్రం బస్సు దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. లేచేసరికి నా మీద గుమాస్తా గారి శాలువా కప్పి ఉంది. ఆ సాయంత్రమే భాయ్ మిల్లు నుంచి కంప్యూటర్‌కి వేరే లైను లాగేశాడు. ఇంత తేలికైన పని ముందే ఎందుకు చెయ్యలేదని అడిగితే, ఎవరూ అడగలేదు సార్ అన్నాడు.

ఉద్యోగం ఖాయమైంది. మరుసటి వేసవికల్లా గురజాలలో ఒకటి, మాచర్లలో రెండు అమ్మాను, అన్నిచోట్లా బ్రోచరు చివరి పేజీ నుంచి మొదలుపెట్టి. రెంటచింతలలో వానలు పడి ఏసీ ఆపాక, జనం పలచబడ్డ ఆ గదిలో గుమాస్తా గారు నిదానంగా ఒక్కొక్క వేలితో కొట్టుకుంటూ లెవీ రిపోర్టు తీశారు. ఆ మొదటి కాగితాన్ని మడతపెట్టి పట్టుకెళ్ళి తాతకి చూపించారట. ఇప్పుడు తాతా లేడు, గుమాస్తా గారూ లేరు.

నేను మాత్రం రిటైరై, పల్నాడుకి కంప్యూటర్లు తెచ్చిన పెద్దమనిషిగా అక్కడా ఇక్కడా శాలువాలు కప్పించుకుంటున్నాను. మొదటి కస్టమరును ఎలా ఒప్పించారు సార్ అని కుర్రాళ్ళు అడుగుతుంటారు. అప్పట్లో మా డైరెక్టరు గారికి పంపిన రిపోర్టులో ఆ ప్రశ్న కింద నేను రాసిన జవాబే వాళ్ళకీ చెబుతాను. కస్టమరు మా సిస్టమ్ ఎదుట రెండు గంటలపాటు కదలకుండా కూర్చుని, పూర్తిగా సంతృప్తి చెందారు. వాళ్ళు శ్రద్ధగా రాసుకుంటారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారన్న సంగతి మాత్రం ఇన్నాళ్ళకి మీతోనే చెబుతున్నాను.