ఇంటికి నాలుగు రోజులు

కోపం వస్తే మా మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేవారు. ఎదుటి మనిషి మొహం కనపడకపోతే తిట్టడం తేలికట. నేను ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినన్నాళ్ళూ ఆ కళ్ళజోడు ముక్కు మీద కంటే బల్ల మీదే ఎక్కువ కాలం గడిపిందని నా నమ్మకం. నేనూ తక్కువదాన్నేం కాదు. మిషన్ కాంపౌండులో టీచర్ల ఇంట పుట్టి పెరిగినదాన్ని, ఎవరైనా గొంతు పెంచితే చటుక్కున ఎదురు సమాధానం నోటికొచ్చేస్తుంది. మా ఇద్దరికీ ఎలా పొసగిందో దేవుడికే తెలియాలి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. ఇల్లు ఏలూరులో, వట్లూరు వైపు. పొద్దున్నే పాసింజరెక్కితే దెందులూరు దాటాక గానీ కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. మాస్టారు యూనివర్సిటీలో ప్రొఫెసరైనా కాపురం ఏలూరులోనే. శని, ఆదివారాలు ఆయన ఇంటి వరండాయే మా డిపార్టుమెంటు.

షేర్ మార్కెట్ మీద రీసెర్చి అంటే అందరూ ఎగబడుతున్న కాలం అది. నాతోపాటు చేరినవాళ్ళ లెక్కలన్నీ సీడీల్లో వచ్చేసేవి. ఫ్యాను కింద కూర్చుని కంప్యూటర్లో నొక్కుకుని చకచకా చాప్టర్లు రాసేసుకునేవారు. నా లెక్కలు కొల్లేట్లో ఉండేవి. బస్సు దిగి, దోనె ఎక్కి, చీర అంచులు తడుపుకుని, చేపల వాసనతో ఇంటికొచ్చేదాన్ని. "మీ థీసిస్ ఉప్పేసి ఎండబెట్టుకోవాలేమోనండీ" అని స్టాఫ్‌రూములో ఒకటే ఏడిపించేవారు.

నిజానికి మాస్టారు కూడా వయసులో ఉండగా షేర్ల ధరల మీదే పరిశోధన చేసి పేరు తెచ్చుకున్నారు. తర్వాత ఏం బుద్ధి పుట్టిందో, ఆ కాగితాలన్నీ కట్టగట్టి అటకెక్కించి కొల్లేటి మీద పడ్డారు. ఎందుకండీ అంటే, "ధర ఉన్నదాని విలువ పేపరు చూసి ఎవడైనా చెబుతాడమ్మా. ధర లేనిదాని విలువ చెప్పు చూద్దాం" అనేవారు.

దానికి మా శాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. మరేం బ్రహ్మవిద్య కాదు, జనాన్ని వెళ్ళి అడగడమే. ఈ సరస్సు బాగుండాలంటే మీ ఇంటి నుంచి ఏమిస్తారు అని ఇంటింటికీ తిరిగి అడగాలి. ఒక్కో ఇల్లు ఒక్కోలా చెబుతుంది. ఎవరు ఎక్కువ అన్నారు, ఎవరు తక్కువ అన్నారు, ఎందుకన్నారు అని ఆ తేడాల్లోంచి విలువ లాగాలి. మొదట డబ్బు అడిగితే లంకల్లో జనం నవ్వేశారు. అప్పుడు మాస్టారు ప్రశ్న మార్చారు: ఊరి కాలవలో పట్టేసిన గుర్రపుడెక్క తీయడానికి ఏడాదికి ఎన్ని రోజులు మీ ఇంటి నుంచి ఒక మనిషిని పంపిస్తారు? ఊరికే అనుకోండి, అని మాత్రమే. ఎవరినీ నిజంగా పంపక్కర్లేదు.

ఆయన రిటైరవడానికి ఇంక ఏడాది కూడా లేదు. ఈలోపు నేను థీసిస్ ఇవ్వకపోతే నన్ను వేరే గైడుకి అప్పగిస్తారు. ఆ గైడు షేర్ మార్కెట్ మనిషి, కొల్లేరు పేరెత్తితేనే ముక్కు మూసుకునే రకం. ఇన్నాళ్ళ పనీ గంగలో కలిపి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టమంటాడు. అంతకంటే నన్ను ఎక్కువ పీడించింది ఇంకోటి. మాస్టారికి మిగిలిన ఆఖరి స్టూడెంటుని నేనే. నేను గట్టెక్కకపోతే ఆయన కొల్లేటి పని అక్కడితో సరి. ఆయన ఈ మాట ఎప్పుడూ అనలేదు, నాకే తెలుసు.

నేను ఎంచుకున్న లంక కైకలూరు రోడ్డు మీద బస్సు దిగి, దోనె మీద వెళ్ళాల్సిన ఊరు. చుట్టూ నీళ్ళు, మధ్యలో మెరక మీద ఇళ్ళు. సర్కారు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పగలగొట్టించిన పెద్ద గొడవలు ఇంకా రాలేదు. పెద్దవాళ్ళకి చెప్పకుండా ఊళ్ళో తిరగడం మర్యాద కాదని, ముందు ఊరి పెద్దాయన్ని కలిశాను. తెల్లటి మీసం, మెత్తటి మాట. నా ప్రశ్నంతా విని, "ఆలోచించుకుని చెబుతామండి. వచ్చే ఆదివారం దయచెయ్యండి" అన్నారు. ఎంత బాధ్యతగల మనిషో అనుకున్నాను.

ఆదివారం మొదటి ఇంట్లో అడిగాను. "నాలుగు రోజులండి." రెండో ఇంట్లో అడిగాను. "నాలుగు రోజులండి." భలే, పని సాఫీగా సాగుతోందని మహా సంబరపడ్డాను. వీధి సగం అయ్యేసరికి పెన్ను ఆగిపోయింది. మగదిక్కు లేని ముసలమ్మా నాలుగు రోజులే అంది, ఇంటినిండా కొడుకులున్నాయనా నాలుగు రోజులే అన్నాడు. "ఏం మామ్మగారూ, మీ ఇంట్లో ఎవరున్నారని పంపుతారు?" అని ముసలమ్మని అడిగితే, "నాకేం తెలుసమ్మా, ఊరు అనుకుంది" అంది.

అదీ సంగతి. ఆ లంకలో ఊరికి సంబంధించిన ఏ మాటైనా పెద్దలు కూర్చుని తేలుస్తారు. దాన్ని కట్టుబాటు అంటారు. ఒకసారి తేలాక ఇంటికో మాట ఉండదు. నా ప్రశ్న మీద కూడా వాళ్ళు కూర్చుని కట్టుబాటు చేసేశారు.

మాస్టారి వరండాలో కాగితాలు పెట్టాను. ఒక్కొక్కటే తిప్పుతూ పోయారు. కళ్ళజోడు బల్ల మీదకి వచ్చింది.

"ఏవిటమ్మా ఇది? జవాబులా, చర్చిలో ప్రార్థనా? అందరూ ఒకటే పాడారు!"

"నన్నంటారేంటండీ? వాళ్ళలా చెబితే నేనేం చెయ్యను?"

"తేడా లేకపోతే లెక్కేముంది? కంప్యూటరు కూడా చేతులెత్తేస్తుంది. వెళ్ళు. ఎవరి మాట వాళ్ళని చెప్పమని వాళ్ళ పెద్దాయనకి చెప్పు."

నిజంగానే కంప్యూటరు చేతులెత్తేసింది. మళ్ళీ వెళ్ళాను. పెద్దాయనకి ఓపిగ్గా చెప్పాను, ఇళ్ళన్నీ ఒకేలా చెబితే నాకు పనికిరాదండీ, వేరేవేరేగా ఉండాలి అని. ఆయన మీసం దువ్వుకుంటూ చాలాసేపు ఆలోచించి, "అలాగేనండి. కొంచెం టైమివ్వండి" అన్నారు.

ఈసారి వెళ్తే, ఆహా! ఒక ఇల్లు రెండు రోజులంది, పక్కిల్లు ఆరంది, ఎదురిల్లు ఒకటంది. మాస్టారు చూస్తే మురిసిపోయే తేడాలు. ఆ ఆనందంలో చివరి వీధి దాకా వెళ్ళాను. అక్కడొకావిడ చాప మీద చేపలు ఎండబెడుతోంది. ప్రశ్న అడగ్గానే తెల్లమొహం వేసి, దడి మీంచి పక్కింట్లోకి కేకేసింది.

"వదినా! మనింటికెంత వచ్చిందే?"

"మీకు మూడు! అయిదు మాకు!"

"మూడండీ" అంది నావైపు తిరిగి, హాయిగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. గబగబా పెద్దాయన దగ్గరికి వెళ్ళి కడిగేశాను. పాపం, ఆయన బిక్కమొహం వేశారు. "వేరేవేరేగా కావాలని మీరే అన్నారు గదండీ? ఎవరికీ అన్యాయం జరక్కుండా కూర్చుని పంచేం. తప్పైపోయిందాండీ?"

ఆ మొహం చూశాక నా కోపం కాస్తా ఏడుపైపోయింది. అరుగు మీద కూలబడి, నా చదువు పోయిందండీ, మా మాస్టారు రిటైరైపోతున్నారండీ అని ఏవేవో చెప్పేశాను. అందరూ చుట్టూ మూగారు. ఎవరో మంచినీళ్ళిచ్చారు. పెద్దాయన నెమ్మదిగా, "అయ్యో, ఇది మీ పరీక్షాండీ? ముందే ఒక్కమాట చెప్పలేకపోయారా అమ్మగారూ" అన్నారు.

అదే చీరతో, అదే వాసనతో తిన్నగా మాస్టారింటికి వెళ్ళాను. ఆయనకి ముందు కోపం వస్తుందనుకున్నాను. "మనింటికెంత వచ్చిందే" అనేసరికి మాస్టారు ఫక్కున నవ్వారు. నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపోబోయారు. ఆయన అలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. మాస్టారి భార్య పిన్నిగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "ఏవండీ! ఏమైందండీ?" అని కంగారుపడ్డారు.

కళ్ళు తుడుచుకుని ఆయన నా కాగితాలు దగ్గరికి లాక్కున్నారు. తర్వాత అన్నారు, "మనం ఇంటిని అడిగామమ్మా. ఆ ఊళ్ళో మాట ఇచ్చేది ఇల్లు కాదు, ఊరు. రెండోసారి కాగితాలు పక్కన పడెయ్. మొదటిదే నిజం. ఆ చాప్టరంతా మళ్ళీ రాద్దాం."

"ఒప్పుకుంటారాండీ పరీక్ష చేసేవాళ్ళు?"

"ఒకటే అడుగుతారు. నోటితో అనడానికేం, నిజంగా చేస్తారా అని. ఆ ఒక్కదానికే మన దగ్గర జవాబు లేదు." ఈసారి కళ్ళజోడు తీయకుండానే అన్నారు. నాకది తిట్టిన దానికంటే బాధేసింది.

రాస్తూనే ఉన్నాను. రాసిందల్లా ఆ ఒక్క ప్రశ్న దగ్గరికొచ్చి ఆగిపోయేది. వేసవి మొదలైంది, ఆయన రిటైర్మెంటు దగ్గరికొచ్చేసింది. ఒకరోజు కాలేజీ ఆఫీసుకి ఫోనొచ్చింది. లంక పెద్దాయన, రోడ్డు మీద కాయిన్ బాక్సు నుంచి. "ఆదివారం పొద్దున్నే ఒకసారి రండమ్మా. వీలైతే మాస్టారుగారిని కూడా తీసుకురండి" అన్నారు. ఎందుకండీ అనేలోపు ఫోను కట్టయింది. మళ్ళీ ఏం పంచారో బాబూ అనుకున్నాను.

మాస్టారు తెల్ల పంచె కట్టుకుని బయల్దేరారు. దోనె మలుపు తిరిగేసరికి కాలవ పొడుగునా దోనెలే. ప్రతి దోనెలో మనుషులు, కొడవళ్ళు, గెడలు. ఆడవాళ్ళు చీరలు ఎగ్గట్టి గట్టు మీద నిలబడ్డారు. ముసలమ్మ ఇంటి తరఫున దూరపు చుట్టం ఒకతను వచ్చాడు.

"ఏవిటండీ ఇది?" అన్నాను.

"డెక్క తీయడమేనండి" అన్నారు పెద్దాయన. "ఇంటికి నాలుగు రోజులని మాట ఇచ్చేం గదండీ. మీరు రోజు చెబుతారని ఇన్నాళ్ళూ చూసేం. నీళ్ళు తగ్గిపోతున్నాయని మేమే పెట్టుకున్నాం. ఆ రెండోసారి చెప్పినవి వట్టినే, మీ కాయితం కోసం. మాటంటే ఇదేనండి."

ఊరికే అనుకోండి అని నేను ప్రతి ఇంట్లోనూ చెప్పాను. పెద్దాయనకీ చెప్పాను. పని చేస్తారా అని ఒక మనిషి ఎదురుగా వచ్చి అడిగితే అది ఊరికే అడగడమని వాళ్ళు ఎలా అనుకుంటారు! మా మాస్టారు మాత్రం మాస్టారే. గట్టు మీద నిలబడి పెద్దాయన్ని పట్టుకున్నారు.

"ఒక్కటి నిజం చెప్పండి. మాట ఇచ్చామని చేస్తున్నారా, మా అమ్మాయి పరీక్ష పోతుందని చేస్తున్నారా?"

రెండోది అన్నారో, మా లెక్క అక్కడికక్కడే చెల్లకుండా పోతుంది. ఈ మహానుభావుడు ఊరుకోవచ్చు కదా!

పెద్దాయన సిగ్గుపడ్డట్టు నవ్వారు. "కాలవ మాదేనండి, ఎలాగూ తీసుకోవాలి. అయితే ఒకరిద్దరు రేపూ ఎల్లుండీ అని గునిశారు. అమ్మగారు ఆ రోజు మా అరుగు మీద ఏడ్చారని చెప్పేం. మరింకెవరూ మాట్లాడలేదండి."

మాస్టారు నావైపు తిరిగారు. "రాసెయ్యమ్మా. అదీ రాసెయ్."

ఆ ఊళ్ళో ఇలా ఊరి పనికి దోనె ఎక్కే ప్రతి మనిషినీ ఎవరింటి మనిషని అడుగుతారు. తమ ఇంటి పేరు చెప్పి ఎక్కాలి. నేను కాగితం తీసేలోపు మాస్టారు చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి, దోనె దగ్గరికి వెళ్ళిపోయారు. "ఏలూరు మాస్టారిల్లు" అని గట్టిగా చెప్పి ఎక్కేశారు. ఊగుతున్న దోనెలో తూలుతూ, డెక్క పీకుతూ, పక్కవాళ్ళని తిడుతూ మధ్యాహ్నం దాకా ఉన్నారు. నేనూ ఎక్కబోతే పెద్దాయన ఆపారు. "మీరు రాసుకోవాలి గదండీ" అన్నారు.

ఆయన రిటైరవడానికి కొద్దిరోజుల ముందు థీసిస్ ఇచ్చేశాను. వైవాలో అనుకున్నట్టే ఆ ప్రశ్న వచ్చింది, నిజంగా చేస్తారా అని. జరిగిందంతా చెప్పాను, అరుగు మీద ఏడ్చిన సంగతితో సహా. పరీక్షకులు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వారు. వెనక బెంచీలో కూర్చున్న మాస్టారు కళ్ళజోడు తీసి జేబు రుమాలుతో తుడుచుకుంటున్నారు. అది కోపం కాదని నాకొక్కదానికే తెలుసు.

తర్వాత ఏటా వేసవి రాగానే లంక నుంచి మాస్టారింటికి కబురొచ్చేది. ఆయన ఇల్లు కూడా కట్టుబాటులో చేరిపోయింది మరి. ఆయన ఏ ఏడూ మానలేదు, నేను బస్టాండుకి ఆలస్యంగా వస్తే అక్కడే తిట్లు. ఆ దశాబ్దం చివర్లో ఒక వేసవికి ఆయన మంచం పట్టారు. కబురు మాత్రం మామూలుగానే వచ్చింది. నేను చూడ్డానికి వెళ్తే కళ్ళజోడు తలగడ పక్కన పెట్టి ఉంది.

"మనింటి నుంచి ఎవరూ వెళ్ళకపోతే మాట పోతుందమ్మా" అన్నారు. ఎవర్నీ వెళ్ళమని మాత్రం అనలేదు.

మర్నాడు పొద్దున్నే కొంగు బిగించి కాలవ గట్టు మీద నిలబడ్డాను. ఈసారి నా చేతిలో కాగితం లేదు, పిన్నిగారిచ్చిన కొడవలి ఉంది. పెద్దాయన నన్ను ఎన్నేళ్ళుగానో ఎరుగుదురు. అయినా కట్టుబాటు కట్టుబాటే కదా, అడిగారు.

"ఎవరింటి మనిషండీ?"

"మాస్టారింటి మనిషినండి" అని చెప్పి దోనె ఎక్కాను.