మినిట్స్‌లో నేను మార్చిన మాట

ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో మా కమ్యూనిటీ సెంటర్ కమిటీకి మినిట్స్, అంటే మీటింగ్‌లో అనుకున్న మాటలు, రాసే పని నాది. ఆ శీతాకాలం ఒక యూదు మహిళ హాలు అడిగారు. డెబ్బై దాటిన రిటైర్డ్ టీచర్. కొత్తగా వచ్చినవాళ్లకు అక్కడే ఇంగ్లిష్ నేర్పేవారు. మా అత్తగారు ఒంటరిగా బస్సెక్కే ధైర్యం తెచ్చుకున్నది ఆవిడ క్లాసులోనే. తమ దీపాల పండుగ హనుకాకు ఒక్క సాయంత్రం హాలు ఇమ్మన్నారు.

"ఇజ్రాయెల్ గొడవ తేలేదాకా వాళ్లకు వద్దు," అన్నారు కమిటీలో ఒక పెద్దాయన. ఎవరూ కాదనలేదు. నేనూ అంతే. పైగా మినిట్స్‌లో "భద్రతా కారణాల వల్ల ఇవ్వలేము" అని రాశాను. అలా రాస్తే అందరికీ మర్యాదగా ఉంటుందనుకున్నాను.

రెండు రోజులకు ఆవిడ, మేం పంపిన ఆ మినిట్స్ కాపీ పట్టుకుని వచ్చారు.

"ఎవరైనా బెదిరించారా? చెప్పండి, మావాళ్లను హెచ్చరించాలి."

కోపంగా కాదు, భయంగా అడిగారు.

ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పాను. ఆయనది కరీంనగర్.

"మనం దీపావళికి హాలు అడిగితే ఢిల్లీల ఏం నడుస్తుందని ఎవరన్న అడిగిన్రా? మరి ఆమెనెందుకు అడుగుతున్రు?" అన్నాడు. "నువ్వు విన్నదొకటి, రాసిందొకటి."

తర్వాతి మీటింగ్‌లో పాత మినిట్స్ ఆమోదించబోతుంటే చెయ్యెత్తాను.

"ఇందులో తప్పుంది. అది నాదే," అని, ఆరోజు విన్న మాట విన్నట్టే చెప్పాను. దీపావళి సంగతీ అడిగాను. "ఎక్కడో ఒక దేశం చేసినదానికి ఇక్కడి యూదులను బాధ్యులను చేయడం వివక్షే," అన్నాను.

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "నాకు ఆవిడంటే ద్వేషం లేదు."

"ఉందని ఎవరూ అనట్లేదు. కానీ మనం తలుపు వేసింది ఆవిడకే కదా," అన్నారు ఛైర్‌పర్సన్.

ఆవిడకు హాలు ఇవ్వడంపై ఓటు పెట్టారు. పెద్దాయన తప్ప అందరం ఇవ్వాలని చేతులెత్తాం. హాలు ఎవరడిగినా ఒకే నియమమని కూడా రాసుకున్నాం.

ఆవిడకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. "బాధపడ్డాను," అన్నారు. "పండుగకు మీ అత్తగారిని తీసుకురండి."

వెళ్లాం. హాలు నిండింది. నూనెలో వేయించిన బంగాళాదుంప అట్లు ఎలా చేస్తారో మా అత్తగారు వచ్చీరాని ఇంగ్లిష్‌లో ఆవిడనే అడిగి కనుక్కున్నారు. పెద్దాయన రాలేదు. జనవరి మీటింగ్ అయ్యాక మాత్రం నా దగ్గరకొచ్చి, "అంతా బాగా జరిగిందా?" అని అడిగారు.

బాగా జరిగిందన్నాను.

"వచ్చే ఏడు నాకూ చెప్పండి," అన్నారు కోటు తొడుక్కుంటూ.